రంగు పూసిన కడవలు

శివలీలకి నాగలత అంటే కుళ్ళు. ఈ మాట మెత్తగా, చుట్టూ తిప్పి చెప్పి లాభం లేదు. అసూయ, ఈర్ష్య లాంటి పుస్తకాల మాటలు ఆ పిల్ల కడుపులో ఉన్నదానికి చాలవు. అది అచ్చంగా కుళ్ళే, ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా రోజూ కాస్త కాస్త పోగేసుకున్న కుళ్ళు.

పోనీ నాగలత ఏమన్నా చదువులో మించిపోయిందా అంటే అదీ లేదు. కోడుమూరు హైస్కూల్లో వాళ్ళ క్లాసుకి శివలీలే ఫస్టు. నాగలత ఎక్కడో మధ్యలో, ఒకసారి గట్టెక్కుతూ, ఒకసారి లెక్కల్లో మునుగుతూ ఉండేది. అయినా ఏ టీచరుకి సుద్దముక్క కావాలన్నా "నాగలతా" అనే పిలుపు. ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నాలకి కూర్చుంటే నాగలత పక్కన చోటుకోసం తోపులాట. శివలీల పక్కన ఇద్దరు కూర్చునే చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

అంతకన్నా ఘోరం ఇంట్లో జరిగేది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అవతల నాగలత నాయన మద్దిలేటి మగ్గం నేస్తాడు. ఇవతల శివలీల తల్లి హంపమ్మ ప్రభుత్వం ఇచ్చే కరువు పనికి పోయి వస్తుంది. ఆ తల్లి, కన్నతల్లి, మామిడికాయ ఊరగాయ పెడితే మొదటి గిన్నె గోడ దాటి నాగలతకే పోయేది.

"ఆ బిడ్డ నవ్వితే ఇల్లు నిండినట్టుంటాది" అనేది హంపమ్మ.

తన కూతురు నవ్వితే ఏమవుతుందో ఆమె ఏనాడూ చెప్పలేదు. శివలీల అడగనూ లేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

అట్లాంటి పిల్లకి ఎండాకాలం సెలవుల ముందు రోజు ఉమామహేశ్వర సారు ఒక ఆశ చూపించాడు. ఆయన సైన్సు సారు. కడపలో ఒక ట్రస్టు వాళ్ళు వేసవి శిబిరం పెడుతున్నారనీ, పదిహేను దినాలు అక్కడే ఉండి లాబుల్లో ప్రయోగాలు చేయొచ్చనీ, చుక్కల్ని టెలిస్కోపులో చూడొచ్చనీ, ఒక్కొక్కరికి ఒక మైక్రోస్కోపు ఇస్తారనీ చెప్పాడు. స్కూలుకి ఒకటే సీటు.

ఒక్కొక్కరికి ఒక మైక్రోస్కోపు! వాళ్ళ స్కూల్లో ఉన్నది ఒకటే, అదీ అద్దం పగిలి బీరువాలో పడి ఉంది. ఉల్లిపొర కణాల బొమ్మ శివలీల పుస్తకంలో చూసి ఎన్నిసార్లు వేసిందో, నిజంగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సీటు తనదే అని ఆమె అక్కడికక్కడే రాసేసుకుంది. ఫస్టు వచ్చేది తనేనాయె.

"మార్కులు చూడరంట" అన్నాడు సారు. "సెలవుల్లో ఊరికి ఎవరు మంచి సేవ చేస్తే వాళ్ళనే పంపుతారంట. మేడం ఒకామె వచ్చి చూసి పోతారు."

శివలీలకి ఇది కొత్త చిక్కు. చదవమంటే చదువుతుంది, రాయమంటే రాస్తుంది, సేవ ఎట్లా చేయాలో ఆమెకి ఏ పుస్తకంలోనూ లేదు. వెనక్కి తిరిగి చూస్తే నాగలత అప్పుడే చేయెత్తి ఉంది.

"చలివేంద్రం పెడతా సార్" అంది నాగలత.

"నేను గూడా పెడతా" అంది శివలీల, చేయి ఎత్తకుండానే.

సారుకి నవ్వొచ్చింది. కోడుమూరులో మే నెల ఎండకి ఒక చలివేంద్రం ఏం సరిపోతుంది, రెండూ ఉండనీ అన్నాడు. సంతలో కుమ్మరి దగ్గర కొత్త కడవలు కొని తలా నాలుగు ఇచ్చాడు. ఆస్పత్రి గేటు దగ్గర నాగలత, బస్టాండులో శివలీల. బస్టాండుకి జనం ఎక్కువ వస్తారని శివలీలే పట్టుబట్టి తీసుకుంది.

మొదట్లో బాగానే సాగింది. ఎమ్మిగనూరు బస్సు ఆగితే చాలు, కిటికీల్లోంచి ఖాళీ సీసాలు బయటికొచ్చేవి. దిగినవాళ్ళు దోసిలి పట్టి తాగి, మిగిలిన నీళ్ళు మొహాన చల్లుకుని, చల్లగా ఉండు తల్లీ అని పోయేవాళ్ళు. హమాలీ బొజ్జన్న అయితే మూటకొక చెంబు తాగేవాడు. శివలీలకి చేతులు నొప్పెట్టినా మనసుకి హాయిగానే ఉండేది.

ఆ హాయిని చెడగొట్టింది హంపమ్మ. ఒక సాయంత్రం అన్నం తింటూ మామూలుగా అనేసింది. "ఆస్పత్రి కాడ నాగలత పోసే నీళ్ళు ఐసు లెక్క ఉండాయంటనే. కరువు పని కాడ అందరూ అదే మాట."

శివలీల సగం అన్నం వదిలేసి చేయి కడుక్కుంది. మర్నాడు ఆస్పత్రి వైపు పనున్నట్టు నడిచి, దొంగచాటుగా చూసింది. నాగలత కడవల కింద ఇసుక పోసి తడిపింది. చుట్టూ గోనెపట్ట చుట్టి, దాని మీద అప్పుడప్పుడూ నీళ్ళు చిలకరిస్తోంది. అంతే, పెద్ద విద్యేమీ కాదు. బస్టాండు వెనక ఇసుక కుప్ప ఉంది, గోనెసంచులు బొజ్జన్నని అడిగితే నాలుగిస్తాడు. శివలీల కూడా పదినిమిషాల్లో చేయొచ్చు. అయితే నాగలతని చూసి నేర్చుకోవడమా? దానికన్నా ఎండలో పడి చావడం నయమనుకుంది.

నాగలత చేయలేనిది ఒకటి చేయాలి. చూడగానే మేడం కళ్ళు చెదరాలి.

శివలీల నాయన కంబన్న ట్రాక్టరు ట్రాలీలకి రంగులేస్తాడు. పని మీద బళ్ళారి వైపు పోయి ఉన్నాడు. ఆయన మంచం కింద ఆయిల్ పెయింటు డబ్బాలు వరసగా ఉన్నాయి. మేడం వచ్చే ముందు రోజు శివలీల కడవల్ని ఇంటికి మోసుకొచ్చి, ఆరబెట్టి, మెడ నుంచి అడుగు దాకా పచ్చరంగు దట్టంగా పూసింది. అది ఆరాక పసుపు తీగలు, ఎర్ర పూలు, వాటి మధ్య తెల్లగా "నీరే ప్రాణం" అన్న అక్షరాలు. చేయి తిరిగిన నాయన కూతురు కదా, బొమ్మలు నిజంగానే బాగొచ్చాయి. పని నుంచి వచ్చిన హంపమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది.

"అబ్బ! ఎంత బాగుండాయే, పెండ్లి కడవల మాదిరి!"

తల్లి నోట ఆ మాట పడి ఎన్నాళ్ళయిందో. శివలీల ఆ రాత్రి కడవల పక్కనే చాప వేసుకుని, కడప శిబిరంలో తన మైక్రోస్కోపు ఏ రంగులో ఉంటుందో ఆలోచిస్తూ నిద్రపోయింది.

పొద్దున్నే కడవలు నింపి పందిరి కింద వరసగా పెట్టింది. బస్సు దిగిన వాళ్ళు ఆగి చూశారు, ఒకరిద్దరు ఫోనుల్లో ఫొటోలు తీసుకున్నారు. ఎండ ముదిరే వేళకి బొజ్జన్న మూట దించి వచ్చాడు. చెంబెడు నీళ్ళు నోట్లో పోసుకుని తుపుక్కున ఊసేశాడు.

"ఏమ్మా, ఇవి తాగే నీళ్ళా, పోసుకునే నీళ్ళా?"

శివలీల కడవలో చేయి పెట్టింది. బాలింత స్నానానికి కాచినంత వెచ్చగా ఉన్నాయి. పైగా రంగు వాసన.

ఒక్క క్షణంలో ఆమెకి అంతా తెలిసిపోయింది. ఎవరూ చెప్పక్కర్లేదు. మట్టికడవకి ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీళ్ళు చెమటలాగా బయటికొచ్చి ఆరుతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి. ఈ జవాబు బొమ్మతో సహా వార్షిక పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది తనే. సారు దాన్ని క్లాసులో చదివి వినిపించింది కూడా తన పేపరు నుంచే. ఆ రంధ్రాలన్నిటినీ రంగుతో ఒక్కటి వదలకుండా పూడ్చింది కూడా తన చేతులే. ఫస్టు ర్యాంకు పిల్ల కుళ్ళుతో కళ్ళు మూసుకుపోయి, ఊళ్ళో ఏ చదువూ రాని ముసలమ్మ చేయని పని చేసింది.

మేడం పదకొండుకి వస్తుంది. కొత్త కడవలు కొందామంటే ఆ రోజు సంత లేదు. ఇంట్లో ఉన్నవి స్టీలు బిందెలు. శివలీల చెంబు బొజ్జన్న చేతిలో పెట్టి, ఆస్పత్రి వైపు పరిగెత్తింది.

"ఏమే, ఈ ఎండలో యాడికి పరిగెత్తుకోని వస్తాండావు?" అంది నాగలత.

దారంతా శివలీల మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"రెండు కడవలు ఇయ్యి."

"ఏం కావల్ల?"

"కడవలే. నావి రంగేస్తి. నీళ్ళు కాలుతాండాయి. మేడం వస్తాది ఇంగ."

నాగలత నవ్వలేదు. నవ్వి ఉంటే శివలీల అక్కడే కొట్లాట పెట్టుకుని, సీటూ వద్దు గీటూ వద్దని వెళ్ళిపోయేది. నాగలత మాత్రం కాసేపు ఆమె మొహంలోకి చూసి, రెండు నిండు కడవలకి గోనెపట్టలు బిగించి కట్టింది. ఒకటి తను చంకనెత్తుకుంది, ఒకటి శివలీలకి ఎత్తింది. ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. అక్కడ నాగలత తనే ఇసుక పోసి, తడిపి, కడవలు సర్ది, "ఇంగ చాలు" అని వెళ్ళిపోయింది.

శివలీల రంగు కడవల్ని ఒంపేసి, అలంకారానికి ముందు వరసలో నిలబెట్టింది. నాగలత కడవలు వెనక.

ప్రమీలారాణి మేడం ఉమామహేశ్వర సారుతో కలిసి వచ్చింది. కారు దిగిన మొహం ఎండకి కందిపోయి ఉంది. శివలీల పోసిన నీళ్ళు ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, మిగతాది మెల్లగా తాగింది.

"అబ్బ! కర్నూలు నుంచి వస్తూ దారి పొడుగునా ఇంత చల్లని నీళ్ళు దొరకలేదమ్మా. ఈ పూలు ఎవరు వేశారు?"

"నేనే మేడం."

"నీళ్ళు ఇంత చల్లగా ఎట్లా ఉంటున్నాయి?"

"అడుగున ఇసుక, పైన తడి గోనెపట్ట మేడం" అంది శివలీల. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా మేడం వైపు చూడకుండా చెంబు కడగడం మొదలుపెట్టింది.

"మా ఫస్టు ర్యాంకు మేడం ఈ పాప" అన్నాడు సారు ఉబ్బిపోతూ. రెండోది కూడా చూద్దాం రమ్మని శివలీలని కూడా వెంటపెట్టుకుని ఆస్పత్రికి నడిచారు.

అక్కడ పందిరి కింద జనం ఉన్నారు, నాగలత లేదు. చౌడమ్మ అనే ముసలామె చెంబుని కడవ మీద బోర్లించి కూర్చుని ఉంది.

"నీళ్ళు అయిపాయ తల్లీ. ఉండేటివి రెండే కడవలు. ఆ పాప బోరింగు కాడికి పోయింది."

మేడం గడియారం చూసుకుంది. మొహం చిట్లించింది. "ఆస్పత్రి ముందర చలివేంద్రం పెట్టి, రోగులొచ్చే వేళకి నీళ్ళు లేకపోతే ఎట్లా సార్? ముందే చూసుకోవాలి కదా. శివలీలనే పంపిద్దాం."

ఆ మాట వినగానే శివలీల సంబరపడింది. పడలేదని బుకాయించడం ఎందుకు, ఒళ్ళంతా పులకరించింది. ఉల్లిపొర కణాలు కళ్ళ ముందు కదిలాయి. అప్పుడే సందు మలుపులో నాగలత కనిపించింది, చంకన బిందె, తడిసి ఒంటికంటుకున్న చున్నీ, రొప్పుతూ. సారు బాధగానే సంగతి చెప్పాడు.

నాగలత బిందె దించింది. ముందు చౌడమ్మకి ఒక చెంబు పోసింది. తర్వాత చున్నీ కొసతో మొహం తుడుచుకుని, "మంచిదే సార్. శివలీల శానా బాగా చదువుతాది" అంది. అని నవ్వింది. హంపమ్మకి ఇల్లు నింపే అదే నవ్వు.

శివలీలకి ఒళ్ళు భగ్గుమంది. అవి నా కడవలని నాగలత ఒక్క మాట అని ఉంటే హాయిగా పోట్లాడేది, నువ్వెందుకిచ్చినావని ఎదురు తిరిగేది. నాగలత ఏమీ అనలేదు. సీటు తీసి భిక్షం వేసినట్టు వేసి నవ్వుతోంది. రేపు కడపలో మైక్రోస్కోపులో కన్ను పెడితే అందులో కూడా ఈ నవ్వే కనపడుతుంది. జీవితమంతా గోడ అవతల నుంచి ఈ నవ్వు తన మీద పడుతూనే ఉంటుంది. నాగలత దయతో వచ్చే సీటు శివలీలకి విషంతో సమానం.

"ఆ కడవలు నావి కాదు మేడం!" అని అరిచింది. "నాగలతవి. నా కడవలకి రంగు పూసి చెడగొడితి. నీళ్ళు వేడెక్కినాయి. నేనే వచ్చి అడిగి రెండు తీసుకుపోతి, అందుకే ఈడ నీళ్ళు చాలలేదు. నాకేం వద్దు. ఆమెకే ఇయ్యండి."

మేడం శివలీల తల మీద చేయి పెట్టింది. "ఎవరూ అడక్కుండా నిజం చెప్పావు. ఇది చిన్న విషయం కాదమ్మా" అంది. తర్వాత నాగలత వైపు తిరిగి, కడప సీటు నీదే అని చెప్పింది. సారు కళ్ళు తుడుచుకున్నాడు. చౌడమ్మ చెంబు కింద పెట్టి చప్పట్లు కొట్టింది.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. హంపమ్మ కూతుర్ని వాకిట్లో నిలబెట్టి మెటికలు విరిచింది. "నా కడుపున బంగారం పుట్టింది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. శివలీలకి ఆ పొగడ్తలు చీమల్లాగా కుట్టాయి. అది నిజాయితీ కాదు, కుళ్ళు. కుళ్ళుతోనే రంగు పూసింది, కుళ్ళుతోనే నిజం చెప్పింది. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? అంతలోనే సీటు ఎందుకు వదులుకున్నానా అని ఏడుపొచ్చింది. తలగడలో మొహం పెట్టుకుని, కడప బస్సు దారిలోనే పంక్చరు కావాలని మొక్కుకుంది.

నాగలత బయల్దేరే రోజు తప్పించుకుందామన్నా కుదరలేదు. చలివేంద్రం బస్టాండులోనే కదా. సారు ఇప్పించిన కొత్త కడవల పక్కన నిలబడి, ఆ పిల్ల రావడం దూరం నుంచే చూసింది. కొత్త సంచి, కొత్త చెప్పులు, నూనె పెట్టి బిగించిన జడలు. మద్దిలేటి ముందుకు ఉరికి బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి రెండు సీట్లు పట్టాడు. నాగలత మాత్రం తిన్నగా శివలీల దగ్గరికి వచ్చింది.

"నీళ్ళు పొయ్యి."

పోసింది. నాగలత తాగింది. చెంబు తిరిగివ్వకుండా పట్టుకుని నిలబడింది.

"నీకొక మాట చెప్పల్ల. చెప్పకుండా పోతే ఆడ నాకి నిద్ర పట్టదు."

"చెప్పు."

"ఆ పొద్దు కడవలిస్తి కదా, అందరూ నన్ను మంచిదనుకుంటాండారు. మంచితనం కాదు మే అది. నువ్వొచ్చి నన్ను అడుగుతాంటే నాకి ఎంత బాగుండెనో! నువ్వు కడవలు అడిగింది మొదటిసారే విన్యా, అయినా ఏం కావల్లని ఇంగోసారి చెప్పించుకుంటి."

శివలీల చెంబు కోసం చాపిన చేయి వెనక్కి తీసుకుంది.

"మా నాయన మగ్గం కాడ కూచుంటే చాలు, గోడ అవతల బిడ్డని చూసి నేర్చుకో అంటాడు. కాళ్ళతో మగ్గం పలకలు తొక్కేటప్పుడు గూడా అదే పాట. పరీక్ష పేపర్లు ఇచ్చిన దినం నాకి అన్నం సహించదు. నువ్వొక్కసారన్నా నా కాడికి చేయి చాపుకోని రావల్లని ఎన్నేండ్ల నుంచి అనుకుంటాండానో. వస్తివి. సీటు పోతే పోనీ, ఇది చాలనుకుంటి. నువ్వేమో అందరి ముందర నిజం చెప్పి, అది గూడా లాక్కుంటివి. కడపకి పోయేది నేను, ఊర్లో మాట మాత్రం నీదే."

నాగలత నవ్వడం లేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి బాధతో వచ్చినవి కావు, అచ్చం శివలీల తలగడ తడిపిన కన్నీళ్ళలాంటివే.

"అంటే... నేనంటే నీకి కుళ్ళా?" అంది శివలీల మెల్లగా.

"శానా."

"ఎప్పట్నుంచి?"

కండక్టరు విజిల్ ఊదాడు. మద్దిలేటి కిటికీలోంచి కేకలేస్తున్నాడు. నాగలత చెంబు ఆమె చేతిలో కుక్కి పరిగెత్తింది. శివలీల కూడా వెంట పరిగెత్తింది. బస్సు కదులుతుంటే కిటికీ కింద నడుస్తూ, "ఎప్పట్నుంచే? వచ్చినాక అంతా చెప్పల్ల! ఒక్కటి గూడా మరిచిపోవద్దు!" అని అరిచింది.

బస్సు కర్నూలు రోడ్డెక్కి దుమ్ములో కలిసిపోయింది. మైక్రోస్కోపు పోయిందన్న ఏడుపు అట్లాగే ఉంది. కానీ ఇన్నేళ్ళూ తను చూసి కుళ్ళుకున్న మనిషి, గోడ అవతల కూర్చుని తనని చూసి కుళ్ళుకుంటూ ఉండిందట. శివలీలని చూసి ఒకరు అన్నం మానేసేవాళ్ళట! తల్లి పొగడ్త, మేడం పొగడ్త, ఊరి చప్పట్లు, ఏవీ ఆమె ఆకలిని ఇంతగా తీర్చలేదు. ఇంకా వినాలి. ఏ పరీక్షకి ఎంత ఏడ్చిందో, ఏ రోజు ఏమనుకుందో, అన్నీ కూర్చోబెట్టి అడగాలి.

పదిహేను దినాలు. నాగలత ఎప్పుడు తిరిగొస్తుందా అని శివలీల ఎదురు చూడడం అదే మొదటిసారి.